అడ్డుగోడలు – 9: తీర్పు గెలిచిన బడికి తాళం

1959 జూన్‌లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ పాలకమండలి కొత్త సంవత్సరానికి పద్దులు రాసుకుంది. ప్రభుత్వ బడుల ఖర్చు దగ్గర ఏమీ రాయలేదు. బడుల కోసం వేసే పన్నూ వేయలేదు. సెప్టెంబరులో పిల్లలు బడికి వెళ్లాల్సిన రోజున గేట్లకు గొలుసులు, తాళాలు వేలాడుతున్నాయి. ఒకటో రెండో కాదు, కౌంటీలో ఉన్న ప్రభుత్వ బడులన్నీ అంతే. అవి మళ్లీ ప్రభుత్వ బడులుగా తెరుచుకోవడానికి ఐదేళ్లు పట్టింది.

అంతకు రెండేళ్ల ముందు, తెల్లపిల్లల బడిలో నల్లపిల్లలు చేరబోయినప్పుడు ఆర్కాన్సాస్ రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో జరిగింది మాత్రం లోకమంతా చూసింది. తుపాకులు పట్టిన సైనికులు, అరుస్తున్న గుంపు, వాళ్ల మధ్య నుంచి నడిచి వెళ్తున్న నల్లజాతి అమ్మాయి. ఆ ఫొటోలు పత్రికల్లో వచ్చాయి, చరిత్ర పుస్తకాల్లోకీ ఎక్కాయి. ప్రిన్స్ ఎడ్వర్డ్‌లో ఫొటో తీయడానికి ఏముంది? టైలు కట్టుకున్న పెద్దమనుషులు కొందరు బల్ల చుట్టూ కూర్చుని ఒక పద్దు ఎత్తేశారు. రాయి విసరలేదు, ఎవరినీ కొట్టలేదు. అందుకే కాబోలు, ఈ కథ చాలామందికి తెలియదు. నా లెక్కలో మాత్రం లిటిల్ రాక్ కంటే ఇదే భయంకరమైనది.

వర్జీనియా పేరు మన రైతులకు కొత్త కాదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో బ్యారన్లలో కాల్చే ఆకును వర్జీనియా పొగాకు అనే అంటాం. ఆ రాష్ట్రంలో దక్షిణాన పొగాకు పండే నేలల్లోదే ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ. దాని ముఖ్యపట్టణం ఫార్మ్‌విల్. అక్కడ నల్లపిల్లలకు ఒకే హైస్కూలు ఉండేది, పేరు రాబర్ట్ రూసా మోటన్ హైస్కూలు. 1939లో 180 మంది కోసం కట్టిన ఇటుకల భవనం అది. 1951 నాటికి అందులో 450 మంది దాకా చదువుతున్నారు. వ్యాయామశాల లేదు, భోజనశాల లేదు, సైన్సు ప్రయోగశాల లేదు. పిల్లలు ఎక్కువైపోతే స్కూలు బోర్డు ఆవరణలో చెక్క చట్రాలు నిలబెట్టి, వాటికి తారు పూసిన కాగితం చుట్టి గదులని చెప్పింది. వాన పడితే కారేవి. చలికాలంలో పొయ్యి పక్కన కూర్చున్నవాడికి చెమట పట్టేది, గోడ పక్కనున్నవాడు కోటు విప్పేవాడు కాదు. చూసినవాళ్లు వాటిని కోళ్ల షెడ్లు అనేవారు. అదే ఊళ్లో తెల్లపిల్లల హైస్కూలులో పైన చెప్పినవన్నీ ఉన్నాయి.

నల్లవారి తల్లిదండ్రుల సంఘం బోర్డు చుట్టూ ఏళ్ల తరబడి తిరిగింది. కొత్త బడికి స్థలం చూస్తున్నామనే జవాబే వచ్చేది.

ఆ బడిలో బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల అమ్మాయి చదువుతుండేది. ఆమె పెదనాన్న వెర్నన్ జాన్స్ పేరు ఈ ధారావాహిక చదువుతున్నవారికి ముందు ముందు మళ్లీ తగులుతుంది. అలబామా రాష్ట్రం మాంట్‌గమరీలోని డెక్స్‌టర్ ఎవెన్యూ చర్చిలో మార్టిన్ లూథర్ కింగ్‌కు ముందు పాస్టరు ఆయనే. బార్బరా ఒకసారి తన సంగీతం టీచరు దగ్గర బడి దుస్థితి గురించి వాపోతే, అయితే నువ్వే ఏదైనా చేయరాదా అన్నారట ఆవిడ. ఆ మాట అమ్మాయి మనసులో పడింది. ఇంకో ఉదయం బస్సు తప్పిపోయి రోడ్డు పక్కన నిలబడితే, సగానికి సగం సీట్లు ఖాళీగా ఉన్న తెల్లపిల్లల బస్సు ఆమె ముందు నుంచే వెళ్లిపోయింది. ఆ రోజే తేల్చుకున్నానని ఆమె తర్వాత రాసుకుంది.

1951 ఏప్రిల్ 23. ప్రిన్సిపాల్ బాయ్డ్ జోన్స్‌కు ఫోను వచ్చింది: మీ పిల్లలు బస్ స్టేషన్ దగ్గర పోలీసులతో చిక్కుల్లో పడ్డారు, వెంటనే రండి. ఆయన పరుగున వెళ్లాడు. ఫోను చేయించింది పిల్లలే. ఆయన అటు వెళ్లగానే ఇటు తరగతులన్నిటికీ చీటీలు వెళ్లాయి: అందరూ హాల్లోకి రావాలి. చీటీ కింద ప్రిన్సిపాల్ వేసే పొట్టి సంతకం కూడా ఉంది, వేసింది బార్బరా. హాల్లో తెర లేచేసరికి వేదిక మీద ప్రిన్సిపాల్ లేడు, ఆ అమ్మాయి ఉంది. టీచర్లను బయటికి వెళ్లమని కోరి, సమ్మె చేద్దామని పిల్లలకు చెప్పింది. కాలి చెప్పు తీసి బల్ల మీద కొట్టి మరీ మాట్లాడిందని చూసినవాళ్లు చెబుతారు. పిల్లలందరూ లేచి ఆమె వెంట నడిచారు. ప్రిన్సిపాల్‌కు ముందుగా తెలియకుండా చూసుకోవడంలో వాళ్ల తెలివి కనిపిస్తుంది, తెలిస్తే ఆయన ఉద్యోగం పోతుందని వాళ్లకు తెలుసు. తెలియకపోయినా పోయింది, ఆ మరుసటి ఏడాదికి బోర్డు ఆయనను కొనసాగించలేదు.

పిల్లలు రిచ్‌మండ్‌లో నల్లవారి హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీ సంస్థ లాయర్లు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్‌లకు ఉత్తరం రాశారు. వాళ్లడిగింది మంచి బడి మాత్రమే. లాయర్లు ఫార్మ్‌విల్ వచ్చింది, తిరిగి తరగతులకు వెళ్లండి అని నచ్చజెప్పడానికే. పిల్లల పట్టుదల చూశాక మాట మార్చి, ఒక షరతు పెట్టారు. మంచి బడి కావాలని కేసు వేయం, వేరుబడి అనేదే వద్దని వేస్తాం, మీ తల్లిదండ్రులు ఒప్పుకుంటారా? ఫస్ట్ బాప్టిస్ట్ చర్చిలో సమావేశం పెట్టారు. ఆ చర్చి పాస్టరు ఫ్రాన్సిస్ గ్రిఫిన్ దగ్గరుండి నడిపించాడు. తెల్ల భూస్వామి పొలంలో పని చేసుకునే తండ్రులు, బ్యాంకు అప్పు మీద బతికే చిన్న రైతులు సంతకాలు పెట్టారు. మే 23న కేసు పడింది. పిటిషన్‌లో మొదటి పేరు డోరతీ డేవిస్ అనే తొమ్మిదో తరగతి అమ్మాయిది కావడంతో అది డేవిస్ కేసు అయింది. బార్బరాను భద్రత కోసం మాంట్‌గమరీలోని పెదనాన్న ఇంటికి పంపేశారు.

కింది కోర్టులో ఓడిపోయారు. 1952లో రిచ్‌మండ్‌లో ముగ్గురు జడ్జీలు ఈ వేరుబడుల వల్ల ఏ జాతికీ హాని కనిపించడం లేదని తేల్చారు. భవనాలు సమానంగా కట్టండి చాలన్నారు. బోర్డుకు అప్పటిదాకా దొరకని స్థలం ఇప్పుడు దొరికింది! 1953లో నల్లపిల్లలకు కొత్త మోటన్ హైస్కూలు తయారైంది. అడిగింది ఇచ్చాం కదా, ఇక కేసెందుకని తెల్లవారికి నిజంగానే అర్థం కాలేదు.

కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. పోయిన సంచికలో చెప్పుకున్న బ్రౌన్ తీర్పు కాన్సాస్ రాష్ట్రపు కేసు పేరుతో పిలవబడుతున్నా, అందులో కలిసినవి అనేక చోట్ల కేసులు. వాటిలో వర్జీనియాది ఈ ఫార్మ్‌విల్ కేసే. పిల్లలు తమంతట తాము లేచి మొదలుపెట్టింది అదొక్కటే. 1954 మే 17న తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒకే మాట చెప్పారు: ప్రభుత్వ బడుల్లో జాతిని బట్టి వేరు చేయడం రాజ్యాంగ విరుద్ధం.

ఎప్పటిలోగా మానాలి? ఏడాది తర్వాత, 1955 మే 31న ఇచ్చిన రెండో తీర్పులో తేదీ లేదు. తొందరపడాలి, అయితే ఆలోచించి తొందరపడాలి అనే అర్థం వచ్చే మాట ఒకటి వాడారు. దక్షిణాది నాయకులు ఆ మాటలో ఆలోచనను పట్టుకుని తొందరను వదిలేశారు.

అంతకంటే పెద్ద సందు ఇంకొకటి అదే ఏడాది జులైలో తెరుచుకుంది. బ్రౌన్‌లో కలిసిన కేసుల్లోనే ఒకటైన దక్షిణ కరోలినా కేసు కింది కోర్టుకు తిరిగి వచ్చినప్పుడు జడ్జి జాన్ పార్కర్ ఒక వ్యాఖ్య రాశాడు. రాజ్యాంగం జాతులను కలపమనడం లేదు, వేరు చేసే వివక్ష వద్దంటోంది, అంతే అని దాని సారం. డీసెగ్రిగేషన్ అంటే గేటు మీద బోర్డు తీసేయడం. లోపల పిల్లలు కలిశారా లేదా అన్నది, అంటే ఇంటిగ్రేషన్, కోర్టు పని కాదు. చదవగానే న్యాయంగానే కనిపించే ఈ తేడా మీద దక్షిణాది కోర్టులు, బోర్డులు పదమూడేళ్లు కాలం వెళ్లదీశాయి. ఫారాలు, పరీక్షలు, వైద్య ధ్రువపత్రాలు, బడి కేటాయించే కమిటీలు, ఎన్ని దారులున్నాయో అన్నీ వాడారు. జాతి పేరెత్తకుండానే పిల్లలను ఉన్నచోటే ఉంచగలిగారు. పార్కర్ దుర్మార్గుడేమీ కాదు, తన ప్రాంతంలో నెమ్మదస్తుడని పేరున్న జడ్జి. ఆ వ్యాఖ్య అంతకాలం నిలబడటానికి అదీ ఒక కారణం.

వర్జీనియాలో అయితే నెమ్మది దారి కూడా వద్దనుకున్నారు. సెనేటర్ హ్యారీ బర్డ్ ఆ రాష్ట్ర రాజకీయాలను గుప్పిట్లో పెట్టుకున్న నాయకుడు. 1956లో ఆయన తీర్పును మూకుమ్మడిగా ప్రతిఘటించాలన్నాడు. అదే ఏడాది మార్చిలో దక్షిణాది నుంచి 101 మంది కాంగ్రెస్ సభ్యులు తీర్పును ధిక్కరిస్తూ ప్రకటన మీద సంతకాలు చేశారు. వర్జీనియా శాసనసభ చట్టం తెచ్చింది: ఏ బడిలో అయినా నల్ల, తెల్ల పిల్లలు కలిసి కూర్చోవాల్సి వస్తే ఆ బడి మూతపడుతుంది. 1958లో గవర్నరు లిండ్సే ఆల్మండ్ ఆ చట్టం ప్రకారం ఫ్రంట్ రాయల్, షార్లట్స్‌విల్, నార్‌ఫోక్‌లలో బడులు మూయించాడు. డేవిస్ కేసులో రాష్ట్రం తరఫున వాదించిన అటార్నీ జనరల్ ఆయనే. నార్‌ఫోక్‌లో దాదాపు పదివేల మంది పిల్లలు, వాళ్లలో ఎక్కువమంది తెల్లవారే, వీధిన పడ్డారు. 1959 జనవరి 19న రాష్ట్ర సుప్రీంకోర్టు, ఫెడరల్ కోర్టు రెండూ ఒకే రోజు ఆ చట్టాన్ని కొట్టేశాయి. ఫిబ్రవరిలో నార్‌ఫోక్, ఆర్లింగ్టన్ బడుల్లోకి నల్లపిల్లలు వెళ్లారు. ఏ గొడవా జరగలేదు. బర్డ్ అనుచరుడైన ఆల్మండే చివరికి చేతులెత్తేశాడు.

అక్కడే ప్రిన్స్ ఎడ్వర్డ్ పెద్దలకు ఆలోచన తట్టింది. రాష్ట్రం బడి మూస్తే కోర్టు తప్పంటోంది. కౌంటీ అసలు బడి నడపకపోతే? ఇస్తే అందరికీ సమానంగా ఇవ్వాలని బ్రౌన్ తీర్పు అంటోంది, ఎవరికీ ఇవ్వకపోతే అదీ సమానమే కదా. రాష్ట్రం అప్పటికే పిల్లలను తప్పనిసరిగా బడికి పంపాలనే చట్టాన్ని ఎత్తేసి, ఆ సంగతి ఏ కౌంటీ ఇష్టం ఆ కౌంటీకి వదిలేసింది. 1959 మేలో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు సెప్టెంబరు నుంచి నల్లపిల్లలను చేర్చుకోవాలని ఆదేశించింది. జూన్‌లో పాలకమండలి ఏం చేసిందో మొదట్లోనే చెప్పాను.

తెల్లపిల్లల కోసం ఏర్పాట్లు ముందే జరిగిపోయాయి. ప్రిన్స్ ఎడ్వర్డ్ స్కూల్ ఫౌండేషన్ పేరుతో ఒక సంస్థ పెట్టి, చందాలు వసూలు చేసి, చర్చి గదుల్లో, సంఘాల హాళ్లలో ప్రైవేటు బడి తెరిచారు. ప్రభుత్వ బడుల్లో పని చేసిన తెల్ల టీచర్లు దాదాపు అందరూ అక్కడ చేరిపోయారు. రెండో ఏడాది నుంచి ఫీజు పెట్టారు. ఆ ఫీజుకు రాష్ట్రం, కౌంటీ గ్రాంట్లు ఇచ్చాయి. ఇలాంటి బడికి విరాళం ఇస్తే ఆస్తిపన్నులో 25 శాతం దాకా మినహాయింపు. అంటే బడులకు పన్ను లేదన్న కౌంటీలోనే పన్ను డబ్బు ఒక జాతి పిల్లల బడిలోకి వెళ్లింది. 1961లో ఫెడరల్ జడ్జి దీన్ని ఆపించాడు, బడులను మాత్రం తెరిపించలేకపోయాడు.

మిగిలినవాళ్లు 1,700 మంది నల్లపిల్లలు, వాళ్లతోపాటు ఫీజు కట్టలేని కొందరు బీద తెల్లపిల్లలు. కొందరిని పక్క కౌంటీల్లోని చుట్టాల ఇళ్లకు పంపారు. కొందరు అక్కడ చిరునామా ఉన్నట్టు చూపించి చదివారు. ఉత్తర కరోలినాలోని కిట్రెల్ కాలేజీ హైస్కూలు పై తరగతుల పిల్లలను అరవై మంది దాకా తీసుకుంది. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారి సేవాసంస్థ ఇతర రాష్ట్రాల్లో కుటుంబాలను వెతికి డెబ్బై మంది దాకా పిల్లలను వాళ్ల ఇళ్లలో ఉంచి చదివించింది. పధ్నాలుగేళ్ల పిల్లవాడు ముక్కూముఖం తెలియని ఇంట్లో ఏడాదంతా ఉండి చదువుకోవాలి. చర్చి నేలమాళిగల్లో గృహిణులు, ఉద్యోగాలు పోయిన టీచర్లు అక్షరాలు మరచిపోకుండా కూర్చోబెట్టేవారు, దాన్ని బడి అనలేం. పెద్ద పిల్లలు పొగాకు పొలాల్లో కూలికి వెళ్లారు. చాలామంది మళ్లీ పుస్తకం పట్టలేదు.

ఇక్కడ నల్లవారి వైపు నుంచి ఒక కఠిన నిర్ణయం ఉంది. దాన్ని దాటేసి వెళ్లడం నిజాయితీ కాదు. మీకూ ప్రైవేటు బడి పెట్టుకోండి, సాయం చేస్తామని తెల్ల పెద్దలు ముందుకొచ్చారు. గ్రిఫిన్, ఎన్‌ఏఏసీపీ వద్దన్నారు. ఒప్పుకుంటే వేరుబడులు ఇష్టప్రకారమే జరుగుతున్నాయని కోర్టులో చెబుతారు, కేసు అక్కడితో చచ్చిపోతుంది. తల్లిదండ్రులు దాదాపు ఎవరూ పిల్లలను నమోదు చేయలేదు. కేసు బతికింది, పిల్లల చదువు పోయింది. ఆ పిల్లలు పెద్దయ్యాక చెప్పిన మాటల్లో గ్రిఫిన్ మీద కోపం తక్కువ, గర్వంతో కలిసిన బాధ ఎక్కువ. ఒక తరం మొత్తాన్ని సాక్ష్యంగా పెట్టి నడిపిన వ్యాజ్యం ఇది. అది తప్పని అనే ధైర్యం నాకు లేదు. గ్రిఫిన్ సొంత పిల్లలూ ఆ మూసిన బడుల పిల్లలే, తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు వాళ్ల పేరు మీదే నడిచింది.

1963 మార్చిలో అమెరికా అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీ లూయివిల్‌లో మాట్లాడుతూ, భూమ్మీద ఉచిత ప్రభుత్వ విద్య లేని చోట్లు కమ్యూనిస్టు చైనా, ఉత్తర వియత్నాం, సరవాక్, సింగపూర్, బ్రిటిష్ హోండూరాస్, వాటితోపాటు వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ అని లెక్కపెట్టి చెప్పాడు. ప్రచ్ఛన్నయుద్ధం రోజుల్లో అమెరికా మంత్రి నోట ఆ పోలిక రావడం చిన్న సంగతి కాదు. బ్రౌన్ తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన విలియం డగ్లస్ 1950లో ఢిల్లీకి వస్తే, విలేకరులు మొట్టమొదట అడిగింది నల్లవారిని గుంపులుగా చేరి చంపడాన్ని మీ దేశం ఎందుకు సహిస్తోందనే. ఆ ప్రశ్నలు వాషింగ్టన్ చెవిన పడకుండా ఉండలేదు.

ఆ వేసవిలో ఫార్మ్‌విల్ వీధుల్లో పిల్లలు ఊరేగింపులు తీశారు, అరెస్టయ్యారు. సెప్టెంబరులో అధ్యక్షుడు జాన్ కెనెడీ ప్రభుత్వం చొరవతో, విరాళాల డబ్బుతో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఫ్రీ స్కూల్స్ మొదలయ్యాయి. మాజీ గవర్నరు కోల్గేట్ డార్డెన్ అధ్యక్షుడు, న్యూయార్క్ లాంగ్ ఐలాండ్ నుంచి వచ్చిన నీల్ సలివన్ సూపరింటెండెంటు. 1,500 మందికి పైగా చేరారు, వాళ్లలో మొదట్లో నలుగురు తెల్లపిల్లలు. వయసును బట్టి తరగతులు పెట్టలేకపోయారు. పదేళ్లు దాటినా ఒక్కరోజు బడి మెట్టెక్కని పిల్లలున్నారు. చదివింది మొత్తం మరిచిపోయినవాళ్లున్నారు. అందుకని తరగతి పేర్లు తీసేసి ఎవరికి ఎంత వస్తే అక్కణ్నుంచి మొదలుపెట్టారు.

1964 మే 25న గ్రిఫిన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. న్యాయమూర్తి హ్యూగో బ్లాక్ రాశాడు. ఎవరికీ ఇవ్వకపోవడమూ సమానమే అనే వాదనను కోర్టు కొట్టేసింది. పక్క కౌంటీల్లో బడులుండగా ఇక్కడ ఒక్కచోటే, అదీ నల్లపిల్లలు తెల్లపిల్లలతో కూర్చోకుండా చేయడానికే మూశారు కనుక అది చెల్లదంది. ఆలోచించి తొందరపడటానికి ఇచ్చిన గడువు తీరిపోయిందని తన పాత మాటకు తానే ముగింపు పలికింది. అవసరమైతే పన్ను వేయించే అధికారం కూడా కింది జడ్జికి ఉందని చెప్పింది. బడులు తెరవమని ఆదేశించే అధికారం ఫెడరల్ కోర్టుకు లేదని ఇద్దరు న్యాయమూర్తులు క్లార్క్, హార్లన్ అన్నారు. మూయడం తప్పన్న విషయంలో వాళ్లకూ తేడా లేదు.

దానికి కౌంటీ పెద్దలు ఆగస్టులో అర్ధరాత్రి జవాబిచ్చారు. కోర్టు మళ్లీ గ్రాంట్లు ఆపేలోగా పాలకమండలి రాత్రికి రాత్రే సమావేశమై తెల్లపిల్లల తల్లిదండ్రులకు ఫీజు గ్రాంట్ల చెక్కులు రాసిచ్చింది. ఫోన్లు చేసి నిద్ర లేపి మరీ ఇచ్చారు. పొద్దున బ్యాంకు తెరిచేసరికి చెక్కులు మారిపోయాయి. తర్వాత అప్పీళ్ల కోర్టు దాన్ని కోర్టు ధిక్కారమని తేల్చింది.

సెప్టెంబరులో ప్రభుత్వ బడులు తెరిచారు. వచ్చినవాళ్లు దాదాపు అందరూ నల్లపిల్లలే. తెల్లపిల్లలు ఫౌండేషన్ పెట్టిన ప్రైవేటు బడి, అంటే అకాడమీలోనే ఉండిపోయారు. జాతిని బట్టి వేరు చేయడం ప్రిన్స్ ఎడ్వర్డ్‌లో చట్టం ప్రకారం ఆ రోజుతో ముగిసింది, గదుల్లో మాత్రం ముగియలేదు. అకాడమీ పన్ను మినహాయింపు 1978లో పోయింది, నల్లపిల్లలను చేర్చుకోవడం 1986లో మొదలైంది. ఆ తర్వాత పెద్ద విరాళం ఇచ్చిన ఫ్యూక్వా అనే వ్యాపారి పేరు దానికి పెట్టారు. ఈలోగా ప్రభుత్వ బడుల్లోకి తెల్లపిల్లలు కొద్దికొద్దిగా తిరిగి వచ్చారు.

బార్బరా పెళ్లి చేసుకుని ఫిలడెల్ఫియాలో లైబ్రేరియనుగా పనిచేసి 1991లో చనిపోయింది. మోటన్ హైస్కూలు పాత భవనం ఇప్పుడు మ్యూజియం. మూతపడ్డ బడుల పిల్లలకు 2003లో కౌంటీ గౌరవ డిప్లొమాలు ఇచ్చింది. 2004లో వర్జీనియా శాసనసభ వాళ్లకోసం ఉపకారవేతనాల పథకం పెట్టింది. యాభై ఏళ్లు దాటినవాళ్లు దరఖాస్తులు పెట్టుకుని హైస్కూలు చదువు పూర్తి చేశారు, కొందరు కాలేజీకీ వెళ్లారు. 2020 డిసెంబరులో వాషింగ్టన్ పార్లమెంటు భవనం నుంచి వర్జీనియా తన వంతు విగ్రహమైన జనరల్ రాబర్ట్ లీని తీసేసింది. అంతర్యుద్ధంలో బానిసత్వం వైపు నిలిచిన సేనాని స్థానంలో ఎవరిని పెట్టాలో చూసిన రాష్ట్ర సంఘం బార్బరా జాన్స్‌ను ఎంపిక చేసింది.

ప్రిన్స్ ఎడ్వర్డ్‌కు తూర్పున, అదే రాష్ట్రంలో న్యూ కెంట్ అనే కౌంటీ ఉంది. అక్కడ ఎవరూ బడులు మూయలేదు. పార్కర్ వ్యాఖ్యను అక్షరాలా పాటించి, 1965 నుంచి పిల్లలకు నచ్చిన బడి ఎంచుకోమని ఫారాలు ఇచ్చారు. కౌంటీలో ఉన్నవి రెండే బడులు. మూడేళ్లలో నల్లవారి వాట్కిన్స్ బడిని ఎంచుకున్న తెల్లపిల్లవాడు ఒక్కడూ లేడు, నల్లపిల్లల్లో 85 శాతం ఆ బడిలోనే మిగిలారు. ఇది ఇష్టమా, వివక్షా అన్న ప్రశ్న 1968లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఆ కేసు వచ్చే సంచికలో.

(సశేషం)